మోటుపల్లి యభయశాసనము: ఆంధ్రతీర వాణిజ్యనీతి పరిణామము

ఆంధ్రదేశమున లభించిన ప్రాచీనశాసనములలో నధికభాగము దానశాసనములు. అగ్రహారములు, దేవభోగములు, తటాకప్రతిష్ఠలు, విజయయాత్రలు, వీనినిఁ దెలుపు శిలలు పెక్కు గ్రామములఁ గానవచ్చును. వర్తకులనుద్దేశించి రాజు చేసిన ప్రతిజ్ఞను వహించిన శిల మిక్కిలి యరుదు. అట్టిది నేఁటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లియందు వీరభద్రస్వామి యాలయమునఁ గలదు. కాకతీయ గణపతిదేవ మహారాజు శాలివాహనశకము 1166 క్రోధిసంవత్సరమున, అనఁగాఁ గ్రీస్తుశకము 1244-45లో, దీనిని వ్రాయించెను. ఇది యభయశాసనమని ప్రసిద్ధి కెక్కినది. ఒక దేశము తన రేవులను బరదేశీయుల కెట్లు తెఱచినది, ఏ మాటచే వారిని నమ్మించినది, ఆ మాట కాలక్రమమున నెట్లు మాఱినది యను విచారమునకు నీ శిలయే మొదటి మెట్టు.

తెలుఁగుతీరమునకు సముద్రవాణిజ్యము గణపతిదేవునితోఁ గ్రొత్తగా వచ్చినది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకుభాషలో వ్రాయఁబడిన పెరిప్లసు అను నావికగ్రంథము మసాలియా యను ప్రాంతమున సన్నని నూలువస్త్రములు విస్తారముగా నేయఁబడునని చెప్పుచున్నది. రెండవ శతాబ్దపు టాలమీ మైసోలోసు అను నదిని, కంటకొస్సిల యను పణ్యపట్టణమును బేర్కొనెను. నది కృష్ణ యనియు, పట్టణము నేఁటి ఘంటసాల యనియుఁ బండితులు నిశ్చయించిరి. శాతవాహనుల నాణెములు కొన్నింటిపై రెండు స్తంభముల యోడ ముద్రింపఁబడి యున్నది. అయినను నీ సాక్ష్యములు సరకులు గలవనియు నోడలు తిరిగెననియు మాత్రమే తెలుపును. రేవునకు వచ్చిన వర్తకునియెడ రాజెట్లు ప్రవర్తించెనో తెలుపవు. ఆ విషయమునకు మొదట శాస్త్రములను, పిమ్మట శిలలను జూడవలయును.

సుంకము అను మాట సంస్కృతమునందలి శుల్కశబ్దమునకు వికృతి. ఎగుమతి, దిగుమతి యను మాటలు దేశ్యములు. సరకు ఓడలోని కెక్కుట యెగుమతి, ఓడనుండి దిగుట దిగుమతి. రాజాధికారమును దెలుపు మాట సంస్కృతమునుండియు, రేవునఁ బనిచేయు కూలి నోట మెదలు మాట తెలుఁగునుండియు వచ్చుట గమనింపఁదగినది. శుల్కపరిమితినిగూర్చి మనువు, సరకుల వెలను నేర్పరులు నిర్ణయింపఁగా రాజు దానిలో నిరువదవ వంతు గైకొనవలెనని విధించెను. రాజునకే చెల్లవలసినవిగాఁ బ్రసిద్ధములైన వస్తువులను, నిషేధింపఁబడిన వస్తువులను లోభముచే నెగుమతి చేయువాని సర్వస్వమును హరింపవచ్చుననియుఁ జెప్పెను. 1909లో మైసూరున ముద్రింపఁబడి లోకమునకు వెల్లడియైన కౌటిలీయార్థశాస్త్రమునం దింకను విస్తారముగాఁ గలదు. అందు బయటినుండి ప్రవేశించు సరకునకు మూల్యమున నైదవ వంతు సామాన్యశుల్కము. వస్తుభేదమునుబట్టి యది యిరువదియైదవ వంతు వఱకుఁ దగ్గును. నావధ్యక్షుని ధర్మములఁ జెప్పుచు, గాలిదెబ్బకు దారి తప్పి వచ్చిన యోడను దండ్రివలె నాదరింపవలెననియు, నీటఁ దడిసిన సరకునకు సుంకము మానుటయో, సగము గైకొనుటయో చేయవలెననియుఁ గౌటిల్యుఁడు శాసించెను.

కాఁబట్టి యాపదలోఁ బడిన నావికునియెడ దయ శాస్త్రమున కపూర్వము కాదు. ఆచార మట్లుండలేదు. తీరమునఁ బగిలిన యోడ తీరప్రభువుదే యను వాడుక పెక్కుదేశముల వ్యాపించియుండెను. యూరపుఖండమునందును నట్లే. ఓడ పగిలిన క్రైస్తవుల సొత్తును దోఁచువారిని వెలివేయవలసినదని 1179లో రోమునగరపు లాటరను మహాసభ శాసింపవలసి వచ్చెను. సముద్రము వర్తకుని సగము చంపఁగా, మిగిలిన సగము తీరమున జరుగుచుండెనన్నమాట.

గణపతిదేవుని శాసన మీ యాచారమును దాఁచక యొప్పుకొనుచున్నది. దాని సారాంశ మిది. ఒక దేశమునుండి వేఱొక దేశమునకుఁ బోవుచు దుర్వాతముచేఁ గొట్టఁబడి, విఱిగి, తీరమునఁ బడిన యోడలలోని బంగారమును, ఏనుఁగులను, గుఱ్ఱములను, రత్నములను, సమస్తమును బూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండిరి. ప్రాణముకంటె ధనమే యధికమని యెంచి మహాసాహసముతో సముద్రయానమునకుఁ దొడఁగినవారియెడఁ గరుణ గలిగి, కీర్తిని ధర్మమును గోరి, గణపతిదేవుఁడు నియతమైన సుంకము దక్క సర్వమును వారికే విడిచెను. ఆ సుంక మెగుమతులకును దిగుమతులకును ముప్పదింట నొక వంతు. మంచిగంధము, కర్పూరము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, జవ్వాది, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోఁకలు మున్నగు సరకులకు వేర్వేఱుగా సుంకపుఁబట్టిక గలదు.

ఈ శాసనమున నాలుగు విషయములు పరిశీలింపఁదగినవి. మొదటిది పరిమాణము. మనువు విధించినది యిరువదవ వంతు, గణపతిదేవుఁడు గైకొన్నది ముప్పదవ వంతు. శాస్త్ర మిచ్చిన యధికారమును సైతము రాజు పూర్తిగా వాడుకొనలేదు. రెండవది సమత. ఎగుమతికిని దిగుమతికిని నొక్కటే సామాన్యశుల్కము. సర్వద్వీపములనుండి వచ్చువారును, పోవువారును శాసనమునకు సమానులు. ఒక జాతిని, ఒక శ్రేణిని వేఱుపఱచి చెప్పిన మాట లేదు. మూఁడవది భాష. ప్రతిజ్ఞాభాగము సంస్కృతమునను, సరకుల పట్టిక తెలుఁగునను గలవు. ప్రతిజ్ఞ రాజులకును విద్వాంసులకును సాక్ష్యముగా నుండవలయును. పట్టిక సుంకరి చదువవలయును. ఏ భాగ మెవరికొఱకో యెఱిఁగి వ్రాయించిన శాసన మిది. నాలుగవది స్థానము. తాళపత్రము పెట్టెలో నుండును; శిల రేవుననే నిలుచును. సుంకరి హెచ్చుగా నడిగినచో వర్తకుఁడు వేలు చూపఁగల ప్రమాణ మాతని యెదుటనే యుండెను.

ఈ సుంకమును జరిత్రకారులు కూపశుల్కమని వ్యవహరించుచున్నారు. కూపమనఁగా బావి యని మాత్రమే యెఱిఁగినవారి కిది వింతగాఁ దోఁచును. అమరసింహుఁడు కూపకశబ్దమును నోడ నడిమి స్తంభమునకుఁ బర్యాయముగాఁ జెప్పియున్నాఁడు. స్తంభ మెత్తి రేవునకు వచ్చిన యోడ చెల్లింపవలసిన సుంక మని యా పదమునకు భావము.

ఇచట నొక పూర్వపక్షము గలదు. ఈ దయ నిజమైన దయ కాదు. ఓరుగల్లు సముద్రమునకు దూరమగుటచే గుఱ్ఱములకును రత్నములకును రేవు కావలసి రాజు వర్తకుల నాకర్షించుటకుఁ బన్నిన యుపాయమే యని కొంద ఱందురు. ఈ మాటలో సత్యాంశము లేకపోలేదు. 1199లో సింహాసనమెక్కి 1262 వఱకుఁ బాలించిన గణపతిదేవుఁడు తొలినాళ్ళలోనే దివిసీమను జయించి, వెలనాఁటితీరమును దన రాజ్యమునఁ గలుపుకొనెను. తీరము చేతికి వచ్చిన పిమ్మట రేవులను బెంపొందించుట రాజ్యప్రయోజనమే. అయినను దయయుఁ బ్రయోజనమును బరస్పర విరుద్ధములనుట యుక్తము కాదు. పగిలిన యోడను దోఁచిన రాజునకు లాభ మొక్కసారియే. ఆ యోడ మఱల రాదు. ఆ వార్త విన్న వేఱోడలును రావు. ముప్పదవ వంతు గైకొన్న రాజునకు లాభ మేటేటను గలదు. చెట్టు నఱకినవానికి నొకనాఁటి వంటచెఱకు, పండ్లు కోసికొనువానికి నేఁడాదికొక పంట. ధర్మ మను పేర రాజు చేసినది యర్థశాస్త్రమునకును నంగీకారమే. ప్రభువు తన యధికారమును దానే పరిమితము చేసికొనుట ప్రజలకు మాత్రమే కాక ప్రభువునకును లాభకర మని యెఱుఁగుటయే వాణిజ్యనీతిలోఁ బ్రథమపరిణామము.

ఆ నీతి ఫలించినదనుటకు వెనీసుపురవాసి మార్కోపోలో సాక్షి. పదుమూఁడవ శతాబ్దాంతమున నీ సముద్రమార్గమునఁ బోయిన యాతఁడు మోటుపల్లిని ముత్ఫిలి యని పిలిచి, యా రాజ్యము నొక రాణి న్యాయతత్పరతతోఁ బాలించెనని వ్రాసెను. ఆమె గణపతిదేవుని పుత్రిక రుద్రమదేవి. ఆమెను రాజుభార్యయని యతఁడు చెప్పుట పొరపాటు. అచటి వజ్రములను, సాలెగూటి దారములవలె సన్ననైన వస్త్రములను నతఁడు కొనియాడెను. అభయశాసనమునఁ జదివిన సుగంధద్రవ్యములు, లోహములు మున్నగువాని బేరమునకుఁ దోడు తెలుఁగుదేశపు నేఁత యోడ కెక్కుచుండెనని దీనివలనఁ దెలియుచున్నది.

1323లో నోరుగల్లు పడిపోయెను. రాజవంశముతో నా వంశపు ప్రతిజ్ఞయుఁ బడిపోవునా యను ప్రశ్న వర్తకుల కప్పుడు గలుగకపోదు. దానికి సమాధాన మదే మోటుపల్లిలో 1358లో లభించెను. కొండవీటి ప్రభువు అనపోతారెడ్డి యా సంవత్సరమున నచట వేఱొక శాసనమును వేయించెను. అందు గణపతిదేవుని నీతి మఱికొంత ముందునకు నడచినది. బంగారము వెండి దిగుమతులపై సుంకము విడువఁబడెను. మంచిగంధముపై సుంకమున మూఁడవ వంతు తగ్గింపఁబడెను. సంతానము లేక చనిపోయిన వర్తకుని సొత్తును రాజు గైకొను నాచారమును మానుదు ననియు, మోటుపల్లికి వచ్చినవారు తమ యిష్టము వచ్చినప్పుడు మఱలిపోవచ్చుననియుఁ బ్రభువు మాట యిచ్చెను. మొదటి శిల సముద్రముచే దెబ్బ తిన్నవానికి నభయ మిచ్చినది. రెండవ శిల తీరమునఁ గాపుర మున్నవానికి నభయ మిచ్చినది. మొదటిది వచ్చు స్వాతంత్ర్యము, రెండవది పోవు స్వాతంత్ర్యము. పోవచ్చునను నమ్మకము గలచోటికే నరుఁడు సంతోషముతో వచ్చును.

ఈ కాలపు వాణిజ్యవైభవమునకు సాహిత్యమున సాక్ష్యము శ్రీనాథుని హరవిలాసము. ఆ కావ్యమునకుఁ గృతిపతి రాజు కాఁడు, అవచి తిప్పయసెట్టి యను వర్తకుఁడు. కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు సుగంధద్రవ్యములఁ గూర్చిన కుటుంబ మది. అవతారికయందు సింహళపు టేనుఁగులు, హురుమంజి గుఱ్ఱములు, భోటదేశపుఁ గస్తూరి, చీనాంబరములు వర్ణింపఁబడినవి. తెలుఁగుకవి తన కావ్యమును వర్తకున కంకితము చేయుట, ఆ వర్తకుని యోడలు తిరిగిన దేశములను గీర్తించుట సామాన్యవిషయము కాదు.

అనంతరకాలమున మోటుపల్లి క్షీణించి మచిలీపట్టణము తలయెత్తెను. గోలకొండ కుతుబ్షాహీ ప్రభువుల కిది ముఖ్యమైన రేవు. ఇచటినుండి యద్దకపు వస్త్రములును, గలంకారీ చీరలును బారసీకమునకును, పెగూ, ఆచే మున్నగు ప్రాగ్దేశములకును బోవుచుండెను. వాణిజ్యము పూర్వముకంటె విస్తరిల్లెనుగాని నీతి వేఱు దారిఁ బట్టినది. 1618 మొదలు 1622 వఱకు మచిలీపట్టణముననున్న విలియం మెథ్వోల్డు అను నాంగ్లేయ వర్తకుఁడు గోలకొండరాజ్యమున నధికారములు ఏటేట హెచ్చుపాటకు విక్రయింపఁబడుచుండెనని వ్రాసియున్నాఁడు. ఒక్క యేఁటికొఱకు రేవును గొన్న యధికారికి మఱుసటియేఁటి యోడతోఁ బనిలేదు. గణపతిదేవుని శిలకు మూలమైన దీర్ఘదృష్టి కిది కేవలము విరుద్ధము.

డచ్చివారు 1605లో మచిలీపట్టణమునకు వచ్చి, మఱుసటియేఁడు ప్రభువునొద్ద నూటికి 4 చొప్పున సుంకము నిర్ణయించు ఫర్మానాను సంపాదించిరి. ఆంగ్లేయుల గ్లోబు అను నోడ 1611లో వచ్చెను. అందలి వర్తకుఁడు ఫ్లోరిసు తన దినచర్యలో సుంకపురేటునుగూర్చి యధికారులతోఁ బడిన వివాదములను వర్ణించెను. మార్గమధ్యమున వసూలుచేయు సుంకమునకు నాంగ్లేయుల లేఖలలో జుంకాను అను మాట కానవచ్చును. అది మన సుంకమే. ఇట్టి వివాదములకు విసిగి వారు గోరినది యందఱి కొక్కటైన రేటు కాదు, తమకు మాత్రము చెల్లు మినహాయింపు. 1632లో నబ్దుల్లా కుతుబ్షా వారికి స్వర్ణఫర్మానా యని పేరుపొందిన పత్రము నిచ్చెను. ఏఁటికి 500 వరహాలు చెల్లించి గోలకొండ రేవులలో స్వేచ్ఛగా బేరము చేసికొనవచ్చునని దాని తాత్పర్యము.

పైకిఁ జూడఁగా శిలాశాసనమును ఫర్మానాయు నొక్కటిగానే కనఁబడును. రెండును వర్తకుని రక్షించునవే, రెండును సుంకమును నియమించునవే. కాని వీనికిఁ గల భేదము మూలమునందలి భేదము. శిల యందఱితో మాటలాడును; ఫర్మానా యొక్కనితో మాటలాడును. శిల సరకును జూచును. ఫర్మానా మనిషిని జూచును. ముప్పదవ వంతు బేరము పెరిఁగినకొలఁది పెరుఁగును. 500 వరహాలు బేరము నూఱింతలైనను బెరుఁగవు. అందువలన నెగుమతి వృద్ధియైనకొలఁది రాజునకు రావలసిన భాగము క్షీణించెను. అంతకంటె నధికమైన నష్ట మింకొకటి గలదు. ఒకే రేవున, ఒకే వస్త్రమునకు, స్వదేశీయుఁడైన బేహారి సుంకము చెల్లింపఁగా బరదేశపు శ్రేణి చెల్లింపనక్కఱ లేకపోయెను. వీరిలో నెవ్వని బేరము నిలుచునో చెప్పుటకుఁ దర్కశాస్త్ర మక్కఱలేదు.

ఈ న్యాయ మెంతదూరము పోవునో వంగదేశచరిత్ర చక్కఁగాఁ జూపుచున్నది. మొగలుచక్రవర్తి ఫరూఖ్ సియరు 1717లో నాంగ్లేయ కంపెనీకి నేఁటికి 3000 రూపాయలు గైకొని వంగదేశమున సుంకము లేని వ్యాపారమున కనుజ్ఞ నిచ్చెను. హైదరాబాదు సుబాలోని పూర్వపు మినహాయింపులను గూడ స్థిరపఱచెను. కంపెనీ కిచ్చిన యీ హక్కును గంపెనీ యుద్యోగులు తమ సొంతబేరమునకును వాడుకొనిరి. స్వదేశవర్తకులు నశించుటఁ జూచి నవాబు మీర్ కాసిము 1763లో నందఱికిని నంతర్దేశ సుంకము నెత్తివేసెను. ఇది మోటుపల్లి నీతియే: అందఱి కొక్కటే నియమము. మినహాయింపునకు నలవాటుపడినవారికిఁ దుల్యత్వమే యపరాధముగాఁ దోఁచెను, యుద్ధము సంభవించెను, నవాబు రాజ్యమును గోల్పోయెను.

తెలుఁగుతీరమున యుద్ధ మంతకుముందే ముగిసినది. 1759లో నాంగ్లేయులు మచిలీపట్టణపుఁ గోటను ఫ్రెంచివారినుండి గైకొనిరి. 1766లో నైజాముతో సంధి చేసికొని యుత్తరసర్కారులను బొందిరి. నాఁటినుండి సుంకము విధించు రాజును, సరకు కొను వర్తకుఁడును నొక్కఁడే యయ్యెను. ఈలోపల నింగ్లండున స్వదేశపు నేఁతవారిని గాపాడుటకై 1700, 1721 సంవత్సరముల చట్టములచే నద్దకపు వస్త్రముల వాడకము నిషేధింపఁబడెను. అచటి ప్రభుత్వము తన నేఁతవానికొఱకు రేవు మూసినది. ఇచటి ప్రభుత్వము తన నేఁతవానికొఱకు నట్లు చేయఁగల స్థితిలో లేదు. 1813లోఁ గంపెనీ గుత్తాధికారము పోయి యింగ్లండునందలి యంత్రవస్త్రము మన రేవులలో దిగసాగెను. చెన్నరాజధానిలో మార్గసుంకములు 1844 వఱకు నెత్తివేయఁబడలేదు. 1896లో దిగుమతివస్త్రముపై నూటికి మూఁడున్నర సుంకము నిలిపినప్పుడు, భారతదేశపు మిల్లువస్త్రముపైనను దానికి సరిగా మూఁడున్నర పన్ను విధింపఁబడెను. తుల్యత్వ మను మాటను సైతము బలవంతుఁడు తనకుఁ గావలసిన రీతిగా వాడుకొనఁగలఁ డనుట కిది నిదర్శనము. రేవుల దురదృష్టమున కీశ్వరశాసనమును దోడయ్యెను. 1864 నవంబరు 1వ తేదీనాఁటి తుపానులో మచిలీపట్టణ ప్రాంతమున నించుమించు 30,000 మంది మరణించిరి.

ఈ చరిత్రమునుండి తేలెడు సిద్ధాంత మేమన, వాణిజ్యనీతియొక్క పరిణామము సుంకము హెచ్చుటచేఁ గాని తగ్గుటచేఁ గాని కొలువఁదగినది కాదు. 1632నాఁటి సుంకము 1244నాఁటి సుంకముకంటెఁ దక్కువయే. అయినను దానివలన దేశము బాగుపడలేదు. కొలఁత వేఱు. నియమ మెవరి కొఱకు వ్రాయఁబడినది? ఎవరు చదువఁగలరు? దానిని వ్రాయించినవాఁడును దానికిఁ గట్టువడునా? ఈ మూఁడు ప్రశ్నలకు మోటుపల్లి శిలలు చెప్పిన యుత్తరము, ఫర్మానా చెప్పలేకపోయినది. ప్రభువు తనకుఁ గలిగిన లాభమును విడుచుట నీతికి నారంభము. దానిని నందఱికొఱకు విడుచుట నీతికిఁ బరిపాకము. ఒక్కనికొఱకు విడుచుట నీతికి భంగము.

మన పాఠశాలలలో గణపతిదేవుని విజయములు చెప్పఁబడుచున్నవి. రుద్రమదేవి శౌర్యము చెప్పఁబడుచున్నది. ఆ విజయములచే లభించిన తీరమును జేతఁ బట్టి, దానిపైఁ దనకుఁ గల బలమును దానే తగ్గించుకొన్న రాజు మాట గూడ బాలురకుఁ జెప్పఁదగినది. తీరమును జయించుటకు సేన చాలును. దానిని నమ్మఁదగిన తీరముగాఁ జేయుటకు మాట కావలయును. ఆ మాట యెల్లవారును జదువఁగల తావున నుండవలయును.